సబ్బు రాసిన బుష్‌లు

మా కారుకు టకటకల జబ్బు పట్టుకుంది. తిన్నని రోడ్డు మీద బుద్ధిమంతురాలే. స్పీడ్ బ్రేకర్ కనిపిస్తే మాత్రం ముందు చక్రాల మధ్య ఎవరో తలుపు కొడుతున్నట్టు టక్, టక్. సందు మలుపులో ఇంకోసారి టక్. మా వారు పక్క సీట్లో కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విన్నారు. బండి నడుపుతున్నది నేను కాబట్టి ఆయన కళ్ళు మూసుకున్నా ఎవరికీ ప్రమాదం లేదు. విని, "దీని పని అయిపోయింది," అన్నారు.

ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు చూస్తారు. రోజంతా నుజ్జయిన బండ్ల ఫోటోలు చూసీ చూసీ, చక్రాలున్నది ఏదైనా సరే ఆయన కంటికి సగం పోయినట్టే కనిపిస్తుంది. కింద ఓసారి వంగి చూడండి అంటే, "చూసేదేముంది, వినిపిస్తోందిగా," అన్నారు.

అక్కడితో ఊరుకోలేదు. ఆ వారమే కొత్త కారు బుక్ చేశారు. పాతదాన్ని మా ఆడపడుచు ఇంటికి దాటించే ఏర్పాటు కూడా చేశారు. ఆవిడ భర్త, నేను అన్నయ్యగారు అని పిలిచే పెద్దమనిషి, ఆదివారం వచ్చి నడిపి చూసి, నచ్చితే తోలుకుపోతారు.

"మరి నేను?" అన్నాను.

"నీకేం, కొత్తది వస్తోందిగా."

"నడపనిస్తారా?"

"ఎందుకివ్వను? కొత్తది కదా, కొన్నాళ్ళు పోనీ."

మా ఇంట్లో కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో నాకు తెలుసు. హాల్లో సోఫాకు ప్లాస్టిక్ కవరు కొన్నాళ్ళ కోసమే ఉంచారు. వచ్చిన చుట్టాలు దాని మీంచి లేచినప్పుడల్లా చిర్రుమని చప్పుడు వస్తుంది. పాపం, తమ వల్లే వచ్చిందేమోనని వాళ్ళు సిగ్గుపడుతుంటారు.

ఆయనకు ఆఫీసు బస్సుంది. ఈ పాత కారు తాళం నా కొక్కేనికి ఉంటుంది. అది పోతే నా గురువారాలు పోతాయి. గురువారం పొద్దున అత్తగారిని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం నా వంతు. "ఇక రానక్కర్లేదమ్మా, శుభ్రంగా నడుస్తున్నారు," అని ఆ డాక్టరు చెప్పి చాలా కాలమైంది. ఆ మాట మా వారికి చెప్పడం ఆవిడా నేనూ మరిచిపోయాం. ప్రతి గురువారం మరిచిపోతూనే ఉన్నాం. అద్దాలు దించుకుని ఊరి బయటి కొత్త రోడ్డంతా చుట్టి, నది వంతెన దగ్గర ఆగి, చెరో ఐస్‌క్రీమూ తిని, డాక్టరు చేత తిట్లు తిన్న మొహాలు పెట్టుకుని ఇల్లు చేరతాం.

మర్నాడు ఆఫీసు బస్సు సందు మలుపు తిరగ్గానే అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"ఏమే పిల్లా, చేతులు ముడుచుకు కూర్చుంటావా?"

"మీ అబ్బాయి నిర్ణయించేశారుగా అత్తయ్యా."

"వాడి నిర్ణయాలు నాకు కొత్తా? బడికి వెళ్ళనని కూడా నిర్ణయించాడు ఒకప్పుడు. చెవి పుచ్చుకుంటే నడిచాడు."

నేను డిగ్రీలో భౌతికశాస్త్రం చదివాను. పాలు ఎప్పుడు పొంగుతాయో లెక్కగట్టడానికి తప్ప అది ఇన్నాళ్ళూ దేనికీ అక్కరకు రాలేదు. ఆ లెక్కా తరచు తప్పేది. ఆ రోజు మాత్రం కారుతో పాటు ఇచ్చిన మాన్యువల్ తీసి, బొమ్మలు చూసి, పోర్టికోలో చాప పరిచి, ముందు చక్రం వెనక నుంచి చెయ్యి లోపలికి పోనిచ్చాను. అత్తగారు తలుపు తెరిచి, అంచు మీద నిలబడి, కారు పైకప్పు పట్టుకుని బండిని ఊపుతున్నారు.

పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది. "ఏంటి పిన్నిగారూ, ఏం చేస్తున్నారు?"

"వ్యాయామం," అన్నారు అత్తగారు ఊగుతూనే. "మోకాళ్ళకి."

కారు అడుగున ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. మలుపుల్లో బండి ఒక పక్కకు ఒరిగిపోకుండా కాసేది అదే. స్టెబిలైజర్ బార్ అంటారు. దాన్ని బండికి పట్టి ఉంచేవి రెండు క్లాంపులు. ఇనుముకు ఇనుము తగలకుండా ఆ క్లాంపుల్లో రెండు రబ్బరు దిమ్మలుంటాయి. వాటిని బుష్‌లంటారు. మా కారు బుష్‌లు ఎండి, పగిలి, మాడిన రొట్టె ముక్కల్లా ఉన్నాయి. కడ్డీకీ రబ్బరుకీ మధ్య నా చిటికెనవేలు దూరింది. కడ్డీ పట్టుకుని కుదిపితే, టక్.

"దొరికింది అత్తయ్యా."

"పెద్ద రోగమేనా?"

"కుక్కర్‌కి గాస్కెట్ పోయిందనుకోండి. అంతే."

"గాస్కెట్ పోతే కుక్కర్ అమ్మేస్తామా?" అన్నారు ఆవిడ కిందికి దిగుతూ. "వీడి చదువు తగలెయ్య."

మా లెక్క సూటిగా ఉంది. చప్పుడు వల్లే అమ్ముతున్నారు కాబట్టి, చప్పుడు పోతే అమ్మరు. ఆదివారంలోగా పోగొట్టాలి, అదీ ఆయనకు తెలియకుండా. తెలిస్తే ఆపుతారు. "నువ్వా?" అంటారు. ఆ 'నువ్వా' తర్వాత ఏ పనీ ముందుకు సాగదు.

ఒకే మోడల్‌లో కూడా కడ్డీ లావు తేడాగా ఉంటుందని మాన్యువల్లో ఉంది. అందుకని గాజుల సైజుకు చెయ్యి కొలిచినట్టు కడ్డీ చుట్టూ దారం చుట్టి ముడేసి, ఆ దారం స్పేర్ పార్టుల కొట్టుకు తీసుకెళ్ళాను. కొట్టతను దారాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"సార్ రాలేదా మేడమ్?"

"సార్ కళ్ళు మూసుకుని వింటారు. చేతిపని నాది."

అతను ఇంకేమీ అడక్కుండా ఒక చిన్న అట్టపెట్టె ఇచ్చాడు. కారు కింద పెట్టే స్టాండ్లు అద్దెకిచ్చాడు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కింద దూరవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

గురువారం వంతెనకు సెలవిచ్చాం. మా వారి పాత ప్యాంటు తొడుక్కుని, కారు ముందు భాగం లేపి, స్టాండ్ల మీద నిలిపి కిందికి దూరాను. అత్తగారు పీట వేసుకుని కూర్చుని పానాలు అందిస్తున్నారు. మొదటి బోల్టు తుప్పు పట్టి కదల్లేదు. తుప్పు వదిలే నూనె కొట్టి కాసేపు ఆగాను. అయినా కదల్లేదు.

"తిట్టు, కదులుతుంది," అన్నారు అత్తగారు.

"ఎవర్ని?"

"ఎవరైతేనేం. బిగుసుకున్న సీసా మూతలకి నేను మీ మామగారిని తిట్టేదాన్ని. ఎన్ని ఊడొచ్చాయో."

నేను ఎవర్ని తిట్టానో చెప్పను. బోల్టు కదిలింది.

పాత బుష్‌లు చేతిలోకి పొడిపొడిగా రాలాయి. కడ్డీని గుడ్డతో తుడిచాను. కొత్తవి బిగువుగా ఉన్నాయి, వాటికి ఒక పక్కనుండే చీలిక విప్పి కడ్డీకి ఎక్కిస్తుంటే ససేమిరా అన్నాయి. నూనె రాస్తే రబ్బరు ఉబ్బి పాడైపోతుంది. ఒకసారి కుక్కర్ గాస్కెట్‌కి వంటనూనె రాసి తెలుసుకున్న సంగతి అది. అందుకని గిన్నెలు తోమే నిమ్మకాయ సబ్బు నురగ చేసి ధారాళంగా పూశాను. బుష్‌లు సుతారంగా జారి కూర్చున్నాయి. క్లాంపులు పెట్టి బోల్టులు వదులుగా ఎక్కించి, బండిని కిందికి దించి, బరువంతా చక్రాల మీద పడ్డాక అప్పుడు గట్టిగా బిగించాను. సందు చివరి స్పీడ్ బ్రేకర్ మీద అటూ ఇటూ తిప్పి చూశాం. కిమ్మనలేదు.

శనివారం మా వారు బావగారి కోసం కారు కడిగించుకొస్తానని తీసుకెళ్ళారు. తిరిగొచ్చేసరికి మొహం వెలిగిపోతోంది.

"ఏమోయ్, చప్పుడు పోయింది."

"అవునా," అన్నాను. అత్తగారు ఏమీ తెలియనట్టు పేపరు తిప్పుతున్నారు. తలకిందులుగా.

"ఒక్కోసారి వాటంతట అవే సర్దుకుంటాయి. లోహం కదా." ఆయన చేతులు రుద్దుకున్నారు. "మన అదృష్టం బాగుంది. మళ్ళీ మొదలయ్యేలోపు బావగారికి అంటగట్టేయాలి."

పేపరు కిందికి దిగింది. అత్తగారూ నేనూ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎవరైనా తాము కూర్చున్న కొమ్మను నరుక్కుంటారు. మేం దానికి సబ్బు రాసి మరీ నరుక్కున్నాం.

ఆదివారం అన్నయ్యగారు, వదినగారు వచ్చారు. టీలు అయ్యాక అందరం కారెక్కాం. అన్నయ్యగారు స్టీరింగ్ ముందు, మా వారు పక్కన, ఆడవాళ్ళం ముగ్గురం వెనక. సందు దాటింది. మొదటి స్పీడ్ బ్రేకర్ దాటింది. బండి పట్టు మీద పాకినట్టు పోతోంది. నాకు ఏడుపొచ్చింది. నా చేత్తో బిగించిన పని అంత నాజూగ్గా ఉన్నందుకు, ఆ సుఖం ఇంకొకరికి దక్కబోతున్నందుకు.

"బాగుందోయ్ బావా," అన్నారు అన్నయ్యగారు. "ఇవాళే తీసుకుపోతాం."

రెండో స్పీడ్ బ్రేకర్ ఎక్కింది. కీచ్.

దిగింది. కీచ్.

"ఏంటది?" అన్నారు అన్నయ్యగారు.

"ఏది? పిట్టేమో," అన్నారు మా వారు.

నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. సబ్బు తడిగా ఉన్నంతసేపే జారుతుంది. మొన్నటిదాకా కారు నీడనుంది, నిన్న కడిగిన నీళ్ళు పడ్డాయి, కాబట్టి తడి నిలిచింది, ఇప్పుడు ఆరింది. ఆరిన సబ్బుతో ఇనుము రబ్బరులో తిరిగితే కీచుమనక ఏం చేస్తుంది? అలా కాకూడదనే కంపెనీలు తగిన గ్రీజు కూడా ఇస్తాయి కదా. అత్తగారి చెవిలో గొణిగాను. "ఆ అట్టపెట్టెలో చిన్న పొట్లం ఏమైనా వచ్చిందా?"

"తెల్ల క్రీము. శాంపిలేమోనని మడమలకి రాసుకున్నాను," అని గొణిగారు ఆవిడ. "పగుళ్ళు ఎంత మెత్తబడ్డాయో."

గతుకొచ్చింది. కీచ్, కీచ్.

"అమ్మా," అన్నారు వదినగారు సన్నగా. "ఎలుకలా లేదూ?"

ఆవిడకు ఎలుకంటే ఎంత భయమంటే, ఆ మాట పలకడానికి కూడా కాళ్ళు కాస్త పైకి పెట్టుకున్నారు. అత్తగారు తన జన్మలో అబద్ధమాడలేదు. అప్పుడూ ఆడలేదు.

"ఎలుకో ఏమో నాకేం తెలుసే," అన్నారు. "మొన్న గురువారం మాత్రం ఈ కారు కింద ఏదో పాకుతుంటే నా కళ్ళతో చూశాను."

"ఎంతుంది?"

అత్తగారు నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "పెద్దదే."

వదినగారి కాళ్ళు పూర్తిగా సీటెక్కాయి. "బండి ఆపండి, నేను నడిచొస్తాను," అన్నారు. నడిచే వచ్చారు. అన్నయ్యగారు తాళం మా వారి చేతిలో పెట్టి, "ముందు దాని సంగతి తేల్చి కబురు చెయ్యి," అని భార్యను ఆటో ఎక్కించారు.

మా వారు టార్చిలైటు, చాప తీసుకుని కారు కిందికి దూరారు. ఆ కారు కింద ఆయన తల పెట్టడం అదే మొదలు. నేను మెట్ల మీద కూర్చున్నాను. కిటికీలో అత్తగారి మొహం కనబడి, "మోకాళ్ళు పీకుతున్నాయి, పడుకుంటా," అని మాయమైంది.

ఆయన బయటికి వచ్చారు. ముక్కు మీద నల్లటి మరక.

"దొరికిందా?" అన్నాను.

"దొరికింది. రెండు పక్కలా కొత్త రబ్బరు వేసింది. బోల్టులు బాగానే బిగించింది." ఒక మెట్టు కింద కూర్చున్నారు. "నిమ్మకాయ సబ్బు వాసనేస్తోంది."

"నాకెందుకు చెప్పలేదు?"

తమాషా జవాబులు నాలుగైదు నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. అన్నీ మింగి ఉన్నమాట చెప్పాను.

"ఆ కారు నాకు కావాలండీ. అది పోతే గడప దాటాలన్నా మిమ్మల్ని అడగాలి. మీరు కాదనరు, నాకు తెలుసు. కొన్నాళ్ళు పోనీ అంటారు. అలా కొన్నాళ్ళు కొన్నాళ్ళుగా నాకు నడపడమే మరుపొచ్చేస్తుంది."

ఆయన ముక్కు మీది మరకను తుడుచుకోబోయి బుగ్గ దాకా పాకించారు. అంతలో ఫోను మోగింది. అన్నయ్యగారి గొంతు నాక్కూడా వినిపిస్తోంది. ఎలుకలు పట్టేవాణ్ణి ఆయనే పిలిపిస్తారట, ధర మాత్రం కాస్త తగ్గించి చెప్పమంటున్నారు.

"లేదు బావగారూ," అన్నారు మా వారు నా వంక చూస్తూ. "ఎలుక కాదు. అసలు సంగతేంటంటే, బండి మా ఆవిడది. తను అమ్మనంటోంది." అవతల ఏదో అన్నారు. "నన్నడక్కుండానా? అవునండీ. నేనే తనని అడక్కుండా మీకు చెప్పాను. పొరపాటైంది."

ఫోను పెట్టేసి నా వైపు తిరిగారు.

"ఆ కీచు ఎలా పోతుంది?"

"రబ్బరుకు పడే సిలికాన్ గ్రీజు రాయాలి. పార్టుల కొట్టు ఇవాళ కూడా తెరిచే ఉంటుంది."

"పద, నేను తీసుకెళ్తాను," అని లేచి జేబులోంచి తాళం తీశారు.

నేను లేవలేదు. చెయ్యి చాపాను.

ఆయన తాళాన్ని చూశారు, నా చేతిని చూశారు. తాళం నా చేతిలో పెట్టి, అటు తిరిగి పక్క సీటు వైపు నడిచారు.

"ఎక్కకండి," అన్నాను. "ముందు గేటు తియ్యండి."

ఆయన వెళ్ళి గేటు తీశారు.