నేను ఏరిన పన్ను

మా ఆయన పళ్ళ గురించి మిల్లు లైన్లలో ఎవరి నోటికి వచ్చిన కథ వాళ్ళు చెబుతున్నారు. జరిగింది నేను చెబుతాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, నాకేం పోయింది!

డెబ్బై ఏడులో, ఉగాది వెళ్ళిన వారానికి, మిల్లు నుంచి ఆయనకు ఒక కాగితం వచ్చింది. వచ్చే డిసెంబరుకు మీకు యాభై ఎనిమిదేళ్ళు నిండుతాయి, ఇక విశ్రాంతి తీసుకోండి, అదే నెలలో ఇల్లు ఖాళీ చేయండి అని అందులో ఉంది. ఇల్లంటే కాటన్‌పేట వెనక మిల్లు వాళ్ళు పనివాళ్ళకిచ్చే లైను ఇల్లు, ఒకటిన్నర గది. మా సరోజ అప్పుడు తొమ్మిదో తరగతి. లేక లేక పుట్టిన పిల్ల. అది చదివి టీచరమ్మ కావాలంటే ఇంకా ఐదేళ్ళు పడుతుంది. ఆ ఐదేళ్ళూ మాకు ఆ ఇల్లు కావాలి, ఆయనకు ఆ పని కావాలి. మేము అడిగింది అంతే.

తమాషా ఏమిటంటే ఆ ఐదేళ్ళు నిజంగా ఆయనవే. మా ఆయన గోపాలప్ప ఆ బట్టల మిల్లులో నేతపనికి చేరింది పదమూడో ఏట. పద్దెనిమిది నిండినవాళ్ళకే పూర్తి కూలి అని విని, మనిషి పొడుగ్గా ఉన్నాడు కదా, పద్దెనిమిది అని చెప్పేశాడు. గుమాస్తా తలెత్తి చూడకుండా రాసుకున్నాడు. అప్పటినుంచీ మా ఆయనకు రెండు వయసులు. ఇంట్లో ఒకటి, మిల్లులో ఒకటి. నలభై ఏళ్ళు రెండూ పోట్లాడుకోకుండా కాపురం చేశాయి.

లేబరు ఆఫీసరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం.

"నాకు యాభై మూడే సార్. చేరినప్పుడు అబద్ధం చెప్పినాను" అన్నాడు మా ఆయన.

"అది అబద్ధమని రుజువేమైనా ఉందా?" అన్నాడు ఆఫీసరు.

చూశారా! అబద్ధం చెప్పిన రోజు రుజువు అడిగిన నాథుడు లేడు. పుట్టిన తేదీ రాసిపెట్టేంత చదువు మా అత్తగారింట్లో ఎవరికీ లేదు. ఆఫీసరు మంచివాడే, ఒక దారి చెప్పాడు. ఊళ్ళో పళ్ళ కాలేజీ ఉంది, అక్కడి పెద్ద డాక్టరు పళ్ళు చూసి వయసు రాసిస్తాడు, ఆ కాగితం తెస్తే లెక్క మారుస్తామన్నాడు. ఉత్తరం రాసిచ్చాడు. జూలైలో రమ్మని కాలేజీ వాళ్ళు తేదీ వేశారు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఆ ఆదివారం అత్తిబెలె నుంచి మా తమ్ముడు పిల్లప్ప వచ్చాడు. వాడు సంతల్లో ఎద్దుల దళారి. ఎద్దు మూతి పట్టి పెదవి ఎత్తితే చాలు, దానికి ఎన్నేళ్ళో చెప్పేస్తాడు. సంగతి వినగానే బావను గడపలో ఎండకు కూర్చోబెట్టి, దవడ పట్టుకుని, పెదవి పైకెత్తాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బొటనవేలితో ముందుపళ్ళు కదిపి చూశాడు. నాలుగు దవడపళ్ళు ఎప్పుడో పోయాయి. ఉన్నవి ఇరవై ఎనిమిది. వాటిలో సగం ఊగుతున్నాయి.

"అక్కా, దాచేదేముండాది, ఈ నోరు చూస్తే అరవైకి తక్కువ చెప్పలేను" అన్నాడు. "పంటి ఇగుర్లు జారిపోయిండాయి. పళ్ళు జానెడు పొడుగు కనిపిస్తాండాయి. సంతలో అయితే ఇట్లాంటి నోరు తెరవనీకుండా అమ్ముతాం."

"మరి డాక్టరు తెరవమంటాడు కదప్పా!" అన్నాడు మా ఆయన.

"ఉంటే కదా బావా చూసేది? పళ్ళే లేకుంటే వయసు ఆ బ్రహ్మదేవుడికీ తెలీదు."

మా ఆయన నా వైపు చూశాడు. నేను సరే అన్నాను. ఈ మాట దాచను, నేనే సరే అన్నాను. తెలివితేటలన్నీ మా పుట్టింటివే అని ఆ రోజు నాకు గర్వంగా కూడా ఉండింది.

బళేపేటలో గాజుల అంగళ్ళ మధ్య నంజప్ప అని పళ్ళ సెట్లు కట్టేవాడున్నాడు. మూడు విడతల్లో ఇరవై ఎనిమిదీ పీకేశాడు. నెల పోయాక సెట్టు బిగించాడు. ఎంత తెల్లగా ఉన్నాయో! పెళ్ళిచూపులకు వచ్చిన వాడిలా ముప్ఫై రెండు పళ్ళతో మా ఆయన అద్దం ముందు నిలబడ్డాడు. రాగిముద్ద మింగడానికి పళ్ళతో పనే లేదు, కాబట్టి తిండికి ఇబ్బంది రాలేదు.

జూలైలో కాలేజీకి వెళ్ళాం. పెద్ద డాక్టరు బక్కపలుచని మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీద. నోరు తెరవమన్నాడు, చూశాడు, మూయమన్నాడు.

"పళ్ళేవి?"

"ఇవే సార్."

"ఇవి నంజప్పవి. వీటికింకా రెండు నెలలు నిండలేదు. నీవెక్కడ?"

జరిగిందంతా నేనే చెప్పాను, మా తమ్ముడి సంగతితో సహా. డాక్టరు తల పట్టుకున్నాడు. తర్వాత గోడకున్న పటం దగ్గరికి పిలిచాడు. అంత పెద్ద పన్ను బొమ్మ నేనెప్పుడూ చూడలేదు.

"బయటికి కనిపించే తెల్లటి పొర పింగాణీ లాంటిది, ఒళ్ళంతటిలో దానికన్నా గట్టిది లేదు. దాని లోపల పసుపుగా ఉండేది పన్ను అసలు ఒళ్ళు. నడిమధ్య మెత్తటి గుజ్జు, నరం. పన్నులో సగం కన్నా ఎక్కువ భాగం వేరు, అది దవడ ఎముక గుంటలో ఉంటుంది. కానీ ఎముకకు అంటుకుని ఉండదు. వేరు చుట్టూ వేల సన్నటి దారాలుంటాయి, అవి దాన్ని ఎముకకు వేలాడదీస్తాయి. నమిలినప్పుడల్లా ఆ దారాలే బరువు మోస్తాయి."

దారాలు అనగానే మా ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "నిలువు పడుగా సార్, అడ్డం పేకా?"

డాక్టరు కళ్ళద్దాలు కిందికి దించి మొదటిసారి ఆయన్ను సరిగ్గా చూశాడు. "రెండూ కాదయ్యా. ఎక్కువ భాగం ఏటవాలు."

"అట్లయితే గట్టిగుంటాది" అన్నాడు మా ఆయన, మగ్గం ముందు నిలబడ్డట్టు.

"గట్టిదే. నువ్వు గార పట్టనిచ్చావు, గార చిగురును తిన్నది, ఆ వెనక ఎముకను తిన్నది, దారాలు తెగాయి. అది జబ్బు. వయసు కాదు. ఎద్దుకు పన్ను చూసి చెప్పవచ్చు, మనిషికి చిగురు చూసి చెప్పకూడదు. వయసు ఉండేది వేరు కొసలో. కుర్రవాడి వేరు మసకగా ఉంటుంది. ఏళ్ళు వచ్చేకొద్దీ కొస నుంచి పైకి గాజులా వెలుతురు దూరుతుంది. ఆ గాజు ఎంత ఎత్తు ఎక్కిందో కొలిచి నేను వయసు రాస్తాను. ఒక్క పన్ను చాలు. ఇప్పుడీ ఉత్త దవడ చూసి ఏం రాయను? పళ్ళు పోయిన చోట ఎముక కూడా కరుగుతుంది. దీన్ని చూసి రాస్తే అరవై రాయాలి."

నోట్లో ఉన్నంతకాలం ఆయన తరఫున సాక్ష్యం చెప్పడానికి ఇరవై ఎనిమిది మంది ఉన్నారు. మేమే ఒక్కొక్కరినీ మెడబట్టి గెంటేశాం.

అటునుంచి అటే బళేపేటకు పరుగెత్తాం. నంజప్ప ఎవరికో మైనంతో అచ్చు తీస్తున్నాడు.

"ఆ పళ్ళామ్మా? నేనేం చేసుకుంటాను! కాలేజీ పిల్లోళ్ళు చదువుకోనీకి తీసుకపోతారు. మీవీ పోయినాయి."

"ఏ కాలేజీకప్పా?"

"ఊళ్ళో ఉండేది ఒకటే కదమ్మా" అన్నాడు.

మర్నాడు ఆ మాట చెబితే డాక్టరు కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. చదువుకునే పిల్లల గదిలోంచి పెద్ద గాజు జాడీ తెప్పించి, తెల్లటి పళ్ళెంలో కుమ్మరించాడు. ఎన్ని వందలో! "వెతుక్కోండి. ఎవరి పన్ను అని మీరు సంతకం చేయండి. ఎంత వయసు అని నేను సంతకం చేస్తాను" అన్నాడు.

మా ఆయన ధైర్యంగానే కూర్చున్నాడు. నేతగాడు తెగిన దారాన్ని ముందుపళ్ళతోనే కొరుకుతాడు. కొరికి కొరికి ఆయన పైపన్ను అంచున చిన్న గాటు పడింది. దాన్ని పట్టి కనుక్కుంటానన్నాడు. ఒకటి తీశాడు, గాటు ఉంది. ఇంకొకటి తీశాడు, దానికీ ఉంది. మూడోదానికీ ఉంది. పక్కన పెడుతూ పోతే గుప్పెడు పోగయ్యాయి. నంజప్ప దగ్గర పీకించుకునేది ఎవరు మరి? అందరూ మా మిల్లువాళ్ళే, అందరివీ అవే గాట్లు. ఆయన ఒక్కొక్కటే అరచేతిలో పెట్టుకుని తిప్పుతున్నాడు. నాలుకతో తడిమి చూస్తే తెలిసేదేమో, దానికి ధైర్యం చాల్లేదు.

"నలభై ఏండ్లకు పైగా నా నోట్లోనే ఉండె. నాకే గుర్తు తెలీలేదే" అన్నాడు నాతో.

నాకు ఏడుపు రాలేదు, మండుకొచ్చింది. ఆయన మీద, మా తమ్ముడి మీద, ఆ జాడీ మీద. ఆయన చేతిని పక్కకు నెట్టి, గాటు పడ్డవాటిలోంచి నేనే ఒకటి ఏరాను. అక్కడ నా బుద్ధి ఎట్లా పనిచేసిందో చెబుతాను. సంతలో వంకాయలు ఏరేటప్పుడు ఎవరైనా పుచ్చుది ఏరుతారా? నున్నగా, గార లేకుండా, నిగనిగలాడేది చూసి తీశాను.

"ఇదే సార్" అన్నాను. మా ఆయన సంతకం చేశాడు.

డాక్టరు దాన్ని దీపం ముందు పెట్టి, చిన్న కొలబద్దతో కొలిచి, నా వైపు ఒకసారి చూశాడు. ఆ పన్ను మాది కాదని డాక్టరుకు తెలిసిపోయిందని ఆ చూపులోనే నాకు అర్థమైంది. కానీ డాక్టరు పని పన్ను వరకే.

"నలభై ఐదు" అని రాసిచ్చాడు.

బయట హోటల్లో మసాలా దోసెలు తిన్నాం. మా ఆయన దోసెను సాంబారులో నానబెట్టుకుంటూ, "పాపం ఎవడో గానీ, నలభై ఐదుకే పన్ను పోగొట్టుకున్యాడు" అని బాధపడ్డాడు. ఊరుకోండి, ఎవరైనా వింటారు అని కసిరాను. లోపల మాత్రం నాకు పండగే. ఐదేళ్ళు అడగబోతే పదమూడేళ్ళు వచ్చాయి!

మిల్లులో లెక్క మార్చారు. ఇల్లు మాది. ఒక్క వారం ఆనందంగా ఉన్నాం. అప్పుడు ఇంకో కాగితం వచ్చింది. యాభై దాటిన నేతగాళ్ళను మిల్లువాళ్ళు మగ్గాల నుంచి తప్పించి బట్ట మడతపెట్టే బల్ల దగ్గర కూర్చోబెడతారు. మా ఆయన పాత లెక్కలో ఎనిమిదేళ్ళుగా ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. నలభై ఐదేళ్ళ వాడికి అక్కడేం పని? సోమవారం నుంచి మగ్గాలకు రమ్మన్నారు, నాలుగు మగ్గాలు.

మొదటి సాయంత్రం కనుబొమల నిండా దూదితో వచ్చాడు. దారం కొరకబోతే సెట్టు జారి, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె మీద పడబోయిందట. తీసి జేబులో వేసుకుని, చిగుళ్ళతో కొరుకుతున్నాడు. పదిరోజులకు చిగుళ్ళు పుండ్లయ్యాయి. దగ్గు పట్టుకుంది. అయినా పొద్దున్నే లేచి మిల్లుకు పోతున్నాడు. నన్ను తిడితే బాగుండేది.

నేను ఉండబట్టలేక, ఆయనకు చెప్పకుండా, ఆఫీసరు దగ్గరికి వెళ్ళాను. "ఆ పన్ను ఆయనది కాదు సార్. నేను ఏరినాను" అన్నాను.

ఆఫీసరు లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"మరి ఎవరిది?"

"తెలీదు సార్."

"చూడమ్మా, ఆ పన్ను కొట్టేస్తే పాత లెక్కే నిలుస్తుంది. డిసెంబరు దాకా బల్ల దగ్గర కూర్చుంటాడు, ఆ తర్వాత ఇల్లు వదలండి. ఉండనిస్తే మగ్గం. ఏది కావాలో నువ్వే చెప్పు."

"ఆయనకు యాభై మూడు సార్! ఇంకా ఐదేండ్లు బల్ల దగ్గర ఉండాల్సినోడు."

"యాభై మూడన్న కాగితం నా దగ్గర లేదు" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే బాధతో అన్నాడు.

సరోజ గుర్తొచ్చింది, ఒకటిన్నర గది గుర్తొచ్చింది. ఆయన నోరు గుర్తొచ్చింది.

"నలభై ఐదే ఉండనీయండి" అన్నాను.

"మీ ఆయన్ను ఒకమాట అడుగుతావా?"

"వద్దు సార్" అన్నాను. అడిగితే ఆయన సరేనంటాడని తెలుసు. అందుకే అడగలేదు.

ఆ సాయంత్రం గోరువెచ్చని ఉప్పునీళ్ళతో ఆయన చిగుళ్ళు కడుగుతున్నాను. పక్కింటి అక్కయమ్మ అప్పటికే చెప్పేసినట్టుంది.

"ఆఫీసుకు పోయింటివంట? ఏమన్న్యారు?" అన్నాడు.

"మీరింకా చిన్నోళ్ళే అంటాండారు" అన్నాను.

ఆయన ఆ ఉత్త నోటితోనే పకపకా నవ్వాడు.