ఖాళీ మిషన్ చప్పుడు

మహమ్మారి రోజుల్లో మా ఇంటిని రెండు ముక్కలు చేసింది మా అక్కే. "బజారుకు వెళ్ళేదానివి నువ్వు, ఉబ్బసం ఉన్నదాన్ని నేను. నువ్వు కింద, నేను పైన" అంది. నాకు యాభై ఐదేళ్ళొచ్చినా ఇంకా బడికి పంపిస్తున్నట్టే మాట్లాడుతుంది.

ఇద్దరం దర్జీలం. ఆసుపత్రికి మాస్కులు కుట్టే పని దొరికింది. నేను గుడ్డ కత్తిరించి బుట్టలో పెట్టి మెట్ల మీద వదిలితే, తను తీసుకుని పైన కుట్టేది. సాయంత్రం తను పై మెట్టు మీద, నేను కింది మెట్టు మీద కూర్చుని లోకంలో వాళ్ళందరినీ ఆడిపోసుకునేవాళ్ళం. మిగతా రోజంతా నా నెత్తిమీద మిషన్ టకటకలే. ఆ చప్పుడు వినిపిస్తుంటే నాకు కొండంత ధైర్యం.

ఒక సోమవారం నుంచి అక్క సాయంత్రాలు మెట్ల మీద కూర్చోవడానికి రావడం మానేసింది. కుట్టిన మాస్కులూ రావడం లేదు. అడిగితే, "అన్నీ ఒకేసారి పంపుతాలేవే, ప్రాణం తియ్యకు" అంది. మిషన్ మాత్రం ఆడుతూనే ఉంది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. నేనూ పలకరించడం మానేశాను.

మూడో రోజు చెవి పెట్టి విన్నాను. గుడ్డ మీద నడిస్తే మిషన్ చప్పుడు మెత్తగా ఉంటుంది. ఇదేమో ఇనుము ఇనుముకు కొట్టుకుంటున్నట్టుంది. గుడ్డ పెట్టకుండా తొక్కితే గుడ్డని ముందుకు జరిపే మిషన్ కింది పళ్ళు అరిగిపోతాయని చిన్నప్పుడు నా నెత్తిన మొట్టిన మనిషి తను. అలాంటిది తనే ఖాళీ మిషన్ తొక్కుతోంది!

మాస్కు మీద మాస్కు కట్టుకుని మెట్లెక్కాను. అక్క తువ్వాలు నోటికి అదుముకుని దగ్గుతోంది. కాళ్ళు మాత్రం మిషన్ తొక్కుతూనే ఉన్నాయి. కత్తిరించిన గుడ్డలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"దగ్గు వినిపిస్తే నువ్వు పైకి వచ్చేస్తావని..." అంది ఆయాసపడుతూ.

"రాకుండా చస్తానా!" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. కిటికీలన్నీ తెరిచి అంబులెన్సుకు ఫోన్ చేశాను.

అక్కకి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. నన్నేమో పద్నాలుగు రోజులు గడప దాటొద్దన్నారు. బుట్టతో పాటు ఆ జబ్బునీ నేనే పైకి పంపానేమోనని ఒకటే దిగులు. రోజూ మధ్యాహ్నం నర్సమ్మ అక్క చెవి దగ్గర ఫోన్ పెట్టేది. అక్క మాట్లాడలేకపోయేది. నాకూ నోరు పెగిలేది కాదు, అన్నేళ్ళు తనతో పోట్లాడిన నోరే. అందుకని ఫోన్ పక్కన పెట్టుకుని దిండు గలీబులు కుట్టేదాన్ని, ఆ చప్పుడైనా వింటుందని.

పదో రోజు కళ్ళనిండా నీళ్ళు. సూదిలో దారం ఎక్కించలేకపోయాను. ఖాళీ మిషన్‌నే ఊరికే తొక్కుతూ కూర్చున్నాను.

ఫోన్‌లోంచి సన్నగా, ఆగి ఆగి గొంతు వచ్చింది.

"ఒసేయ్ మొద్దూ... గుడ్డ పెట్టుకో. పళ్ళు అరుగుతాయి."