రేకుపెట్టెల మీద నెత్తళ్ళు

చంద్రుడి మీద మనుషులు దిగిన ఏడాది అది. పొద్దున్నే నరసన్నపేట పొలాల్లో దూరదూరంగా ఉన్న నాలుగు రేకుపెట్టెల్ని చూసి రావడం చంద్రశేఖరం ఉద్యోగం. ఎక్కడి నుంచో మహా శక్తితో దూసుకొచ్చే కాస్మిక్ కిరణం గాలిని ఢీకొని, కోట్ల తునకలై ఊళ్ళకు ఊళ్ళ మీద జల్లులా రాలుతుంది. ఆ జల్లు నాలుగు పెట్టెల్లోనూ ఒకే క్షణాన పడితే పాకలోని యంత్రం గంట కొడుతుంది. అంత పెద్ద జల్లు ఒక్కటి చూపిస్తే విజయనగరం కాలేజీకి బదిలీ చేయిస్తానని ప్రొఫెసర్ త్యాగరాజు మాటిచ్చాడు.

ఆ మాట కోసమే ప్రాణం ఉగ్గబట్టుకుని ఉన్నాడు గానీ, అర్చకుల ఇంట పుట్టిన చంద్రశేఖరానికి ఆ పెట్టెల్ని చూస్తేనే రోత. రేకు బాగా కాలుతుందని ఊరి ఆడవాళ్ళు వాటి మీద నెత్తళ్ళు ఎండబెట్టేవారు. ఛీ, ఏం కంపు! జంధ్యానికీ అదే, అన్నం ముద్దకీ అదే.

జల్లు పడినప్పుడల్లా ఆ ఎండుచేపలు తోకలు కొట్టుకుని ఎగిరేవి. పెట్టెకొకరు చొప్పున కాపలా ఉన్న ఆడవాళ్ళు “ఎగిరినాయర్రా!” అని కేకేసి, కింద పడ్డవాటిని ఏరి మళ్ళీ పరిచేవారు. అందులో వింతేమీ లేదు.

ప్రొఫెసరు వస్తున్నాడని తెలియగానే చంద్రశేఖరం చేపలన్నీ తోసేసి, గుడికి చేసినట్టే నాలుగు పెట్టెలకూ బిందెలతో పసుపునీళ్ళు పోసి సంప్రోక్షణ చేశాడు. నీళ్ళు సందుల్లోంచి లోపలికి దిగి, జల్లును పసిగట్టే గాజుగొట్టాలు పాడయ్యాయి. యంత్రం మూగబోయింది.

“అదేటి పంతులుబాబూ! కరెంటు సామానుకి తానం సేయించీసినావేటి?” అని, ఒక పెట్టెకు కాపలా ఉండే దానమ్మ నెత్తళ్ళు మళ్ళీ పరిచింది. మిగతా మూడు పెట్టెల మీదా ఆడవాళ్ళు అలాగే పరిచేశారు.

మర్నాడు ప్రొఫెసరు పాకలో మూగబోయిన యంత్రాన్ని చూసి వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డంపెట్టుకుని దానమ్మ పెట్టె దగ్గర నిలబడ్డాడు.

“ఇన్నాళ్ళూ ఇక్కడ నువ్వు వెలగబెట్టింది ఇదా?”

చంద్రశేఖరానికి చేపల మీదకంటే తన మీద తనకే ఎక్కువ రోత పుట్టింది.

అప్పుడే నాలుగు పొలాల్లోంచి నాలుగు గొంతులు ఒక్కసారిగా లేచాయి.

“ఎగిరినాయర్రా!”

నెత్తళ్ళు ఎగిరి ప్రొఫెసరు బూట్ల మీద పడ్డాయి. ఆయన వాచీ చూసుకుని టైము రాసుకున్నాడు.

“నాలుగూ ఒకేసారి! భేష్, చాలా పెద్ద జల్లు.”

“మరి నా బదిలీ అండీ?”

“బదిలీ ఏమిటయ్యా? యంత్రం పాడైనా ఆగని కేంద్రం ఇది. నిన్ను ఇక్కడే పర్మనెంటు చేయిస్తాను. మళ్ళీ జల్లు పడేలోగా వాటిని పరిచి ఉంచు.”

జీపు వెళ్ళిపోయింది. చంద్రశేఖరం గట్టు పక్కకు వెళ్ళి కడుపు ఖాళీ అయ్యేదాకా వాంతి చేసుకున్నాడు. నోరు కడుక్కుని వచ్చి, దానమ్మ పక్కనే గొంతుక్కూర్చుని, నెత్తళ్ళను ఒక్కొక్కటే ఏరసాగాడు.