చల్లార్చే మాట

పంది తల చీల్చడానికి నాకు మూడు దెబ్బలు చాలు. నాలుగోది పడితే లోపల భేజా నలిగి సరుకు పాడవుతుంది. ఇరవై రెండేళ్లుగా మోంతెవిదేయో మార్కెట్లో పేగులు, కార్జం, నాలుకలు అమ్ముతున్నాను. బోర్డు మీద మాత్రం నా మొగుడు ఆల్సిదెస్ పేరు, మరిది రూబెన్ పేరు ఉంటాయి. నేను కత్తి పట్టిన వేళకి వాళ్లిద్దరూ మాతె కషాయం పీలుస్తూ కూర్చుంటారు, ఒకరి మొహం ఒకరు చూడకుండా.

"ఆ గాడిదకి చెప్పు, కార్జం పైవరసలో పెట్టమని," అంటాడు ఆల్సిదెస్. నేను రూబెన్ దగ్గరికి వెళ్లి, "కార్జం ఎక్కడ పెడితే బాగుంటుందో నీకే తెలుసునంటున్నాడు మీ అన్నయ్య, పైవరస ఎలా ఉంటుందంటావు?" అంటాను. "ఆ పీనుగకి పని చెప్పడం తప్ప ఏం వచ్చు వదినా!" అంటాడతను. నేను వెనక్కి వచ్చి, "సరేనన్నాడు," అంటాను. ఏ తూకంరాయికీ అందని పని ఇది. నేను ఒక్కరోజు మానేస్తే మధ్యాహ్నానికి కొట్టు రెండు ముక్కలవుతుంది. అది చేస్తున్నానని వాళ్లకి తెలియదు కాబట్టే ఇన్నాళ్లు చెల్లింది.

నాలుగేళ్ల కిందట యూనివర్సిటీ నుంచి డాక్టర్ ఇలియానా వచ్చి, బుధవారం బుధవారం ఆరు పంది మెదళ్లు కావాలంది. మొదటివారం నేను అలవాటు కొద్దీ కొళాయి కింద తెల్లగా కడిగి ఇచ్చాను, ఏ గిరాకీకైనా అలాగే ఇస్తాం మరి. నీళ్లకి కణాలన్నీ చచ్చాయట. ఆవిడ కేకలు వెయ్యలేదు. ల్యాబ్‌కి తీసుకెళ్లి సూక్ష్మదర్శినిలో చూపించింది. నన్ను దోన్యా అని పిలుస్తుంది, అమ్మగారూ అన్నట్టు.

"ఇవి మెదడులోని సన్న రక్తనాళాల గోడలు, దోన్యా నెలిదా. కణాలు ఎంత బిగించి నిలబడ్డాయో చూడండి. రక్తంలో ఉన్న ప్రతిదాన్నీ లోపలికి పోనివ్వవు. ఒంట్లో వాపు పుట్టిందనుకోండి, ఈ అతుకులు సడలుతాయి. అప్పుడు రక్షక కణాల్లో కొన్ని ‘ఇక చాలు, చల్లబడండి’ అని కబురు పంపుతాయి. ఆ కబురు అందిన గోడ నిలబడుతుంది."

"కబురు పంపేవాటిని ఎవరు చల్లబరుస్తారు డాక్టరమ్మా?"

ఆవిడ నవ్వింది. "మేమింకా అది పరీక్షించలేదు."

నాకు నవ్వు రాలేదు.

ఆ తరవాత ఆవిడకి సరుకు కడగలేదు, గంట దాటనివ్వలేదు, ఫ్రీజర్ తగలనివ్వలేదు. మెదడు మీది పల్చటి పొరలు చిరగకుండా ఒలిచే చెయ్యి తన దగ్గర చదివే పిల్లల్లో ఎవరికీ లేదని, వారానికి మూడు రోజులు వచ్చి ఆ పని చెయ్యమని ఈ మార్చిలో అడిగింది. ల్యాబ్‌లో నా పేరుతో ఒక బల్ల ఇస్తానంది. ఇంట్లో చెప్తే ఆల్సిదెస్, "ఆరు భేజాలు మోసేసరికి నీకూ ఒకటి మొలిచిందా?" అన్నాడు. రూబెన్ నవ్వాడు. వాళ్లిద్దరూ కలిసి నవ్వడం ఏడాదిలో అదే మొదలు. నేను "చూద్దాంలే" అన్నాను. అది కూడా చల్లార్చే మాటే.

పోయిన బుధవారం ఇలియానా సరుకు కట్టే పని వాళ్లిద్దరికీ వదిలి, అత్తగారి కళ్లు చూపించడానికి ఆసుపత్రికి వెళ్లాను. తిరిగొచ్చి ఫ్రీజర్ తీస్తే, వంటకని దాచిన ఆరు భేజా పొట్లాలు లేవు.

సోమవారం ఇలియానా కొట్టుకే వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. "ఒక్క కణం బతకలేదు దోన్యా. మూడు వారాల నుంచి సిద్ధం చేసుకున్న ప్రయోగం. ఆ సరుకు కట్టిందెవరు?"

"ఇదిగో, ఇదే," అన్నాడు ఆల్సిదెస్ నన్ను చూపించి. "ల్యాబ్ పిచ్చి పట్టాక దీనికి కొట్టు మీద ధ్యాసెక్కడుంది?"

రూబెన్ మాతె తాగే సొరకాయ బుర్రలోకి తల వంచాడు. ఇద్దరూ ఎదురుచూస్తున్నది నా నోట రెండు మాటల కోసం. ‘నాదే పొరపాటు.’ ఆ మాటలు అనేస్తే కొట్టు నిలుస్తుంది, బల్ల పోతుంది. నాలుక మీదికి వచ్చేశాయి కూడా. ఇరవై రెండేళ్ల అలవాటు అది, కొళాయి కింద కడగడం లాంటిదే.

"ఆ రోజు నేను కొట్లో లేను డాక్టరమ్మా," అన్నాను. "ఫ్రీజర్‌లోవి కరిగించి పంపారు."

ఆల్సిదెస్ తమ్ముడి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పావట్రా దీనికి?"

"నేనా? కరిగించి కట్టింది ఎవరు? వదినా, చెప్పు ఆయనకి, నేను వద్దన్నానని!"

నేను కత్తి తుడిచి కొక్కేనికి తగిలించాను. ఏప్రన్ ముడి విప్పాను.

"మీ అన్నయ్య ఎదురుగానే ఉన్నాడుగా, రూబెన్," అన్నాను. "నువ్వే చెప్పుకో."