నా కంట్లో కూర్చున్న కెమెరా

నేను ఒక టెలిస్కోపుని. కెమెరా స్టాండుని కాను. ఈ మాట ముందే ఎందుకు చెప్పేస్తున్నానంటే, ఈమధ్య మా ఇంట్లో ఆ తేడా ఎవరికీ పట్టడం లేదు.

నన్ను చేసింది భానోజీ. గాజువాకలో కళ్లజోళ్ల షాపు ఆయనది. పెరట్లో నీళ్ల డ్రమ్ము బోర్లించి, దానిమీద గాజుబిళ్ల పెట్టి, చుట్టూ తిరుగుతూ మరో బిళ్లతో నెలల తరబడి రుద్దాడు. ఆ రుద్దే పొడి ఆరిపోకుండా నీళ్లు చిలకరించింది ఆయన భార్య కళావతి. అలా పుట్టింది నా అద్దం.

ఆయనకి ఒకటే పిచ్చి. త్రిభుజం ఆకారంలో ఉండే చుక్కల పక్కన సుడి తిరిగిన గెలాక్సీ ఒకటుంది, అది భార్యకి చూపించాలని. మా ఆకాశం సంగతి చెప్పాలా? ఓ పక్క ఫ్యాక్టరీల పొగ, ఓ పక్క సముద్రపు తేమ, గోడవతల వీధిదీపం. అయినా చలికాలం వస్తే చాలు, భోజనాలకి ముందు కళావతిని పెరట్లోకి పిలిచేవాడు. ఆవిడ కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి, నాకు కన్ను ఆనించి, "ఆఁ, కనబడిందండీ! ఎంత బాగుందో!" అనేది. ఒకసారైతే నా మూతికి పెట్టిన పిండిడబ్బా మూత తియ్యడమే మర్చిపోయాడు భానోజీ. అయినా "ఎంత బాగుందో" అంది ఆవిడ! నేను సిగ్గుతో చచ్చాను. ఆయన పొంగిపోయి, ఆ మూతతోనే నన్ను తీసుకెళ్లి లోపల పెట్టేశాడు.

ఈ ఏడు వచ్చిందమ్మా కెమెరా మహారాణి! గుప్పెడంత ఉంటుంది. తెచ్చి నా కంట్లో కూర్చోబెట్టాడు. అద్దం నాది, వెలుగు పట్టేది నేను, మంచులో తడిసేది నేను. పేరు మాత్రం దానికి! దానికి మెత్తటి సంచి, నాకేమో చిరుగుల దుప్పటి. మొదటి ఫోటో నారింజరసం ఒలికినట్టు వచ్చింది, అంతా వీధిదీపం వెలుగే. భలే అయిందని మురిశాను. భానోజీ వదిలితేగా! దీపానికి అడ్డంగా దండెం మీద రగ్గులు వేలాడదీసి, సాయంత్రాలన్నీ వందల ఫోటోలు తీసి, ల్యాప్‌టాప్‌లో ఒకదానిమీద ఒకటి పేర్చాడు. మెల్లగా గెలాక్సీ తేలింది, సుళ్లతో సహా. నేను ఎంత కుళ్లుకున్నానో చెప్పలేను.

ఓ సాయంత్రం పెరట్లో కళావతి ఆ తెర చూసి నోరు వెళ్లబెట్టింది. "అమ్మో! ఇలా ఉంటుందా ఇది!"

భానోజీ మొహం వాడిపోయింది. "అదేటి? ఏటేటా చూస్తూనే ఉన్నావు కదా?"

ఆవిడ తల దించుకుంది. "ఒక్కసారీ కనబడలేదండీ. మీరంత ఆశగా అడుగుతుంటే లేదని ఎలా అనను?"

ఆయన ల్యాప్‌టాప్ మూసేసి మెట్టు మీద కూలబడ్డాడు. ఇన్నాళ్ల ఆయన సంబరం ఒక్క మాటతో పోయింది. కెమెరా మీద నాకు ఒళ్లు మండిపోయింది. అది రాకపోతే ఈ గొడవ ఉండేదా?

కళావతి నా దగ్గరికొచ్చి, "ముందా కెమెరా తీసెయ్యండి" అంది. తీశాడు. ఆవిడ నాకు కన్ను ఆనించింది. "తిన్నగా చూడకు, కాస్త ఓరగా చూడు, మసక వెలుగు అలాగే తెలుస్తుంది" అంటూ ఆయన పక్కనే నిలబడ్డాడు. చాలాసేపు చూసింది.

"లేదండీ. ఏమీ కనబడలేదు."

"పోనీలే, రేపు చూద్దాం."

"రేపూ కనబడదు. అయినా పిలవండి."

నా మీంచి కన్ను తియ్యకుండానే అంది ఆ మాట. స్టూలు మీదున్న కెమెరా చెవిన అది పడాలని ఎంత కోరుకున్నానో!