పైకప్పు తట్టేవాడు

ఎవాల్డ్ కాలు డ్రమ్ము పెడల్ మీద ఆడుతూనే ఉంది. కళ్ళు మాత్రం రూఫిన్ బూటు మీద ఉన్నాయి. గిటారు వాయించేటప్పుడు రూఫిన్ మడమతో నేలను తన్నుతాడు. చలికాలం నుంచి ఎవాల్డ్‌కు తాళం అందుతున్నది ఆ మడమ నుంచే. స్పీకరు గోడలు అదిరేలా మోగుతున్నా అతని చెవుల్లో కాగుతున్న కెటిల్ ఈల లాంటి హోరు ఒక్కటే ఉంది.

అది బొగ్గు గని క్లబ్బు నేలమాళిగ. గని పండుగలకు వాయిస్తామని ఒప్పుకున్నందుకు వాళ్ళకు ఇచ్చిన గది. గని తవ్వి బయట పోసిన రాళ్ళ గుట్టను అక్కడివాళ్ళు హౌదా అంటారు, ఆ పేరే బ్యాండుకు పెట్టుకున్నారు. బ్యాండులోని నలుగురూ ఆ గనిలో పనివాళ్ళే. మొదటి పండుగలో ముసలివాళ్ళు చెవులు మూసుకుని లేచి వెళ్ళారు. తర్వాత సైనిక పాలన వచ్చింది, కచేరీలు ఆగిపోయాయి. మొదటి పాటగాడు జర్మనీలో బంధువులను చూసొస్తానని వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. సెన్సారు అనుమతి కోసం పంపిన పాటలు సగం కొట్టివేతలతో తిరిగొచ్చేవి. అన్నీ దాటుకుని ఇన్నేళ్ళకు, వచ్చే వారం రాజధాని వార్సాలో రికార్డు చేయబోతున్నారు. ఆ నల్లటి పళ్ళెం మీద తన దెబ్బ ఒక్కసారి పడాలి, ఎవాల్డ్‌కు కావలసింది అంతే. చెవుల సంగతి బయటపడితే రికార్డూ దక్కదు, గని లోపలి పనీ ఉండదు.

పాట ఆగింది. రూఫిన్ అతని ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. ఎవాల్డ్ చూపు బూటు నుంచి అతని పెదవుల మీదికి మారింది, మాటలు పట్టుకునేది అక్కడినుంచే.

"ఏందిరా, నా బూట్లకు దిష్టి పెడుతున్నవ్?"

"పాలిష్ లేదు. వార్సావోళ్ళు నవ్వుతరు."

"బూట్లను రికార్డు చేయర్రా. మూడో పాటల మళ్ళ ఎనకబడ్డవ్. చెవుల్ల బొగ్గు ఇరికిందా?"

"నువ్వే ఉరుకుతున్నవ్, పోలీసులు ఎంటబడ్డట్టు."

రూఫిన్ నవ్వాడు. ఆ నవ్వును చూసి ఎవాల్డ్ కూడా నవ్వి, మూడో పాటను మళ్ళీ మళ్ళీ కొట్టాడు. లేచేసరికి అరచేతులు తిమ్మిరెక్కి ఉన్నాయి.

ఇంట్లో భార్య ట్రూడా పులిసిన రై పిండి చారు వడ్డిస్తూ వెనకనుంచి ఏదో అడిగింది. అతడు తిరగలేదు. ఆమె చెంచా పక్కనపెట్టి, ఎదుటికి వచ్చి, అతని గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"డాక్టరుకు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"వార్సా పోయొచ్చినంక. ఒక్క వారం ఓపిక పట్టు, ట్రూడా."

ఆమె మళ్ళీ వంట బల్ల దగ్గరికి వెళ్ళింది. రొట్టెల మధ్య కొవ్వు రాసి, కాగితంలో చుట్టి అతని చేతికిచ్చింది.

మధ్యాహ్నం షిఫ్టుకు కిందికి దిగారు. బొగ్గు తీసే చోట పని మొదలుపెట్టే ముందు ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి చూడాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల విడిపోయిన రాయి బోలుగా పలుకుతుంది. ఒకప్పుడు ఎవరికీ వినపడని బోలు చప్పుడును ఎవాల్డ్ పసిగట్టి ముఠానంతా వెనక్కి లాగాడు. అప్పటినుంచి ఆ కడ్డీతో వేరెవరూ తట్టలేదు.

"కానియ్ డ్రమ్ములోడా, మాకూ ఇంత సంగీతం వినిపియ్," అన్నాడు జతగాడు జెరార్డ్, కడ్డీ అందిస్తూ.

ఎవాల్డ్ ఎడమ అరచేతిని రాతికి ఆనించి కుడిచేత్తో తట్టాడు. చలికాలం నుంచి అతడు వింటున్నది ఆ అరచేతితోనే. వదులు రాయి చేతి కింద సన్నగా వణుకుతుంది. ఈ రోజు చేతిలో తిమ్మిరి తప్ప మరేమీ లేదు. కొంచెం జరిగి మళ్ళీ తట్టాడు. అక్కడా అంతే.

"ఏమంటది?" జెరార్డ్ పెదవులు కదిలాయి.

బాగానే ఉంది అనే మాట నాలుక దాకా వచ్చింది. జెరార్డ్ అప్పటికే పార తీసుకుని ఆ కప్పు కిందికి వంగుతున్నాడు. చెమటకు తడిసి నల్లబడిన అతని మెడ దీపం వెలుగులో కనిపించింది.

"ఆగు. నాకు వినవడ్తలేదు."

"రాయి చప్పుడా?"

"ఏదీ వినవడ్తలేదు. చలికాలం సంది."

జెరార్డ్ ముఖంలో నవ్వు ఆరిపోయింది. "మరి ఇన్ని దినాలు మేం దేన్ని నమ్ముకొని పనిజేసినంరా?"

"తర్వాత తిట్టు. ఎనక్కి పోయి దుంగలు తే, కప్పుకు ఆనిద్దాం. అందాక ఇంకో చేత్తో చూస్త."

జెరార్డ్ వెనక్కి నడిచాడు. దుంగ ఎత్తుకుంటుండగా, అప్పటికే నిలబెట్టి ఉన్న దుంగలు కప్పు బరువుకు పెళపెళ విరగడం విన్నాడు. ఎవాల్డ్ పేరు పెట్టి అరిచాడు. గొంతు చీరుకుపోయేలా మళ్ళీ అరిచాడు. ఆ అరుపుకు పక్క సొరంగంలోని వాళ్ళు కూడా పనిముట్లు పారేసి దూరంగా పరిగెత్తారు. ఎవాల్డ్ ఒక్కడే తిరిగి చూడలేదు. కుడి అరచెయ్యి రాతికి ఆనించి, తల కొంచెం వంచి, కప్పు కూలేదాకా అలాగే నిలబడి ఉన్నాడు.

గని పైన, పనివాళ్ళు స్నానం చేసే హాల్లో, గనిలోకి దిగేవాళ్ళ బట్టలను గొలుసుతో కప్పు దాకా లాగి తాళం వేస్తారు. షిఫ్టు ముగిశాక ఒక్కొక్క గొలుసే కిందికి దిగింది, హాలు ఖాళీ అయింది. ట్రూడా ఇస్త్రీ చేసిన గళ్ళ చొక్కా మాత్రం, ఒక చెయ్యి లోపలికి తిరగబడి, వేడినీళ్ళ ఆవిరిలో మెల్లగా తిరుగుతూ పైనే ఉండిపోయింది.