నలభై ఒకటో పేజీ

మార్చి పదకొండు, మంగళవారం. ఆ మధ్యాహ్నం అతను తిన్నవి రెండు అరటిపళ్ళు, ఒక ఉడికించిన గుడ్డు. ఉప్పు పొట్లం ఇంట్లోనే మరిచిపోయి వచ్చాడు. అన్నీ నిన్న జరిగినట్టే గుర్తున్నాయి. అందుకే ఇవాళ మైదాపిండి జిగురు ఉండ కట్టకుండా కలుపుతూ, మాటిమాటికీ గోడ గడియారం వంక చూస్తున్నాడు. విచారణ కమిటీ మూడింటికి.

కాలేజీ మెట్ల కింద ఇరుకు గది అతనిది. అందులో పుస్తకాలు అదిమే ఇనుప ప్రెస్సు, కత్తి, సూదులు, దారపు ఉండలు. ఇరవై ఎనిమిదేళ్ళుగా విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు కుట్టి అట్టలు వేస్తున్నాడు. పిల్లలు జిగురుతాత అంటారు. ఎడమ బొటనవేలి మీద కత్తికి తెగిన పాత గాటు అడ్డంగా ఉంది. ఎంత తోమినా ఆ వేలికి జిగురు వదలదు. "మీ చెయ్యి పట్టుకుంటే ఇంక ఊడి రాదండీ" అని పెళ్ళయిన కొత్తలో భార్య నవ్వేది. ఇప్పుడు "ముందు ఆ చేతులు కడుక్కురండి" అంటోంది.

ఏటా కాలేజీ తెరవగానే తరగతి గదుల్లో నియమాల కాగితం అంటించేదీ అతనే. ఆలస్యంగా రాకూడదు, ఫోన్లు ఆపెయ్యాలి, పాఠం మధ్యలో మాట్లాడకూడదు. నాలుగోది: ఇతరుల రాతను తనదిగా చూపినా, ఒకరి రాతను మరొకరికి అందించినా శిక్ష తప్పదు. ఇన్నేళ్ళూ ఆ కాగితం వంకర పోకుండా చూసుకున్నాడే గానీ, అది తనకూ వర్తిస్తుందని ఎన్నడూ తోచలేదు.

ఆ మంగళవారం అట్ట వేయించడానికి రిపోర్టు కట్ట తెచ్చిన అమ్మాయిని కాలేజీలో అందరూ పిచ్చుకల పిల్ల అనేవారు. ఏడాదంతా వీధి వీధీ తిరిగి, పిచ్చుకల గూళ్ళు ఎక్కడెక్కడున్నాయో చేత్తో పటాలు గీసింది.

"నలభై ఒకటో పేజీ జాగ్రత్త తాతా. ఆ ఒక్క పటానికే మూడు వారాలు పట్టింది."

"కళ్ళలో పెట్టుకుంటాలే తల్లీ."

ఆమె అటు వెళ్ళగానే పటం చూడాలనిపించి తిప్పాడు. పేజీ మూల గోధుమరంగు వేలిముద్ర పడింది, మధ్యలో గాటు గీతతో సహా. అయ్యో అనుకుంటూ గుడ్డు పెంకు తీస్తున్నప్పుడు డిపార్టుమెంటు హెడ్డుగారు గుమ్మంలోకి వచ్చారు.

"ఏమయ్యా, ఆ పిల్ల కట్ట ఓసారి ఇవ్వు. చూసిస్తా."

అతని ఉద్యోగం పర్మనెంటు చేయించింది ఆయనే. చేతులు తుడుచుకుని ఇచ్చాడు.

కట్ట తిరిగొచ్చేసరికి రెండు రోజులు. దానికంటే ముందే హెడ్డుగారి బావమరిది కొడుకు రిపోర్టు అట్టకి వచ్చింది. పేరు మారింది, పటాలు జిరాక్సులు. నలభై ఒకటో పేజీ మూల ఒక బూడిదరంగు బొటనవేలు, దాని మీద అడ్డంగా తెల్లటి గీత. అతను ఆ కాగితాన్ని చూశాడు, తన వేలిని చూసుకున్నాడు, అట్ట వేశాడు. కుర్రాడి రిపోర్టు పధ్నాలుగున ఆఫీసులో చేరింది. అమ్మాయిది పదిహేడున. వెనక చేరినదే కాపీ అన్నారు.

మూడు దాటాక పిలుపొచ్చింది. పొడుగాటి బల్ల వెనక ప్రిన్సిపాల్, పక్కన హెడ్డుగారు, ఇంకో లెక్చరరు. కుర్రాడు కుర్చీలో ఉన్నాడు. అమ్మాయి నిలబడి ఉంది.

"రెండూ నీ దగ్గరికే వచ్చాయి కదా. ముందు ఎవరిదొచ్చింది?" అన్నాడు ప్రిన్సిపాల్.

రెండు రిపోర్టులూ బల్ల మీదే ఉన్నాయి. రెంటిలోనూ ఒకే పేజీ తీసి, పక్కన తన వేలు పెడితే చాలు. హెడ్డుగారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"పాపం, పెద్దాయన. జూన్‌లో రిటైరవుతున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క మచ్చ లేదు" అన్నారు, ఎంతో జాలిగా.

ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ గదిలో అతన్ని ఎవరైనా ఒక ప్రశ్న అడగడం అదే మొదలు.

"గుర్తు లేదు సార్."

సాయంత్రం అతను జిగురు ఉడికించే స్టవ్ ఆర్పుతుండగా అమ్మాయి వచ్చింది, భుజాన సంచితో.

"రెండేళ్ళు డిబార్ చేశారు తాతా. ఆరింటి బస్సుకి వెళ్ళిపోతున్నా."

"అమ్మా, ఆ రోజు నేను..."

"మీరేం చేస్తారు తాతా? ఎన్ని కట్టలొస్తాయో మీకు, ఏదని గుర్తుంటుంది! వాళ్ళంతా నన్ను దొంగని చూసినట్టు చూశారు. మీరొక్కరే తల దించుకున్నారు. ఒక్కరైనా బాధపడ్డారు కదా అనిపించింది."

అతను జిగురు గిన్నె మీద మూత పెట్టాడు. ఆమె కమిటీ తిరిగిచ్చేసిన రిపోర్టు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మోసుకెళ్ళి ఏం చేసుకోను? ఇక్కడే ఉంచండి." గుమ్మం దాటబోతూ ఆగి, పైకి చూపించింది. "ఆ వెంటిలేటర్లో గూడుంది, చూశారా? పిల్లలు ఎగరడం నేర్చుకునే రోజులివి. ఓ వారం ఫ్యాన్ వెయ్యకండేం."

"వెయ్యనమ్మా."

ఆమె చెప్పుల చప్పుడు వరండాలో దూరమైంది. తరవాత రిపోర్టు తెరిచాడు. బొటనవేలు ఆ మరక మీద ఆనించాడు. గాటు మీద గాటు సరిగ్గా కూర్చుంది. చేతులు కడుక్కున్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు. వెంటిలేటర్లో గడ్డిపరకలు కదిలాయి.

పిచ్చుక బెదరకుండా తలుపు మెల్లగా దగ్గరికి లాగి, తాళం వేశాడు. లోపల బల్ల మీద ఆమె రిపోర్టు నలభై ఒకటో పేజీ దగ్గర తెరిచే ఉంది.